మా మరిది అమ్మవారి ముఖం కట్టిన ఏడాది

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి భోజనాల బల్ల నిండా కాగితాలు పరుచుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. కాలేజీలో సెమినారట. ప్రాచీన సాహిత్యంలో వీరత్వం, భక్తి, అధికారం అన్నది విషయమట. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్ల, హిందీలో రాసుకుంది, ఇంగ్లీషులో బొమ్మలతికించింది, చివరికి అనుమానం మాత్రం వంటింటి వైపు తిరిగి నన్నడిగింది. "మమ్మీ, పాత కథల్లో హీరో అంటే డర్ లేనోడే, భయపడనోడే కదా? బస్, అంతే రాసీనా?" అంది. నేను వంకాయలు తరుగుతున్నాను. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. "అలా రాయకు" అన్నాను. "మరేటి రాయను?" అని అది నా మొహంలోకి చూసింది. దానికి చెప్పాలంటే చాలా ఉంది. చెప్పడం మొదలుపెడితే వంకాయలు నల్లబడిపోతాయని గబగబా తరిగి ఉప్పునీళ్ళలో వేశాను గాని, కూర పొయ్యి మీద అడుగంటేదాకా నా ధ్యాస ఇక్కడ లేదు.

మా అత్తవారి పెద్దలు తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలు పట్టాల పనికని బిలాస్‌పూర్ వచ్చి, ఇక్కడే పాతుకుపోయారు. వస్తూ వస్తూ ఒక రుబ్బురోలు, రెండు బుట్టల చింతపండు, ఒక దేవత, ఈ మూడూ వెంట తెచ్చుకున్నారని మా అత్త చెప్పేది. రోలు అరిగిపోయింది, చింతపండు వచ్చిన ఏడాదే అయిపోయి ఉంటుంది, దేవత మాత్రం మిగిలింది. దేవతంటే విగ్రహం కాదు, ముఖం. తేలిక కర్రతో చెక్కి ఎర్రరంగు పూసినది. గుడ్లురిమి చూసే పెద్ద పెద్ద కళ్ళు, వాటి కింద లోపలి మనిషి చూడడానికి సన్నటి చీలికలు. ఏడాది పొడవునా అది ఇదే ఊళ్ళో దయాల్‌బంద్‌లో మా ఆయన మేనమామ ఇంట్లో, అటక మీద, పసుపు గుడ్డలో ఉంటుంది. పక్కనే ఒక ఇనుప కొడవలి. వైశాఖంలో ఒక్కరోజు ఆ రెండూ కిందికి దిగుతాయి. ఆ రోజు రైల్వే కాలనీ మైదానంలో మావాళ్ళు భాగోతం ఆడతారు.

ఆ కథ ఏ పుస్తకంలోనూ దొరకదు. మావాళ్ళ నోళ్ళలో తప్ప ఎక్కడా లేదు. ఒక రాజు ఘోరమైన తపస్సు చేసి ఎదురులేని బలం సంపాదిస్తాడు. బలం వచ్చాక బుద్ధి ఎక్కడ నిలుస్తుంది? నా సభలో వెలిగే దీపం తప్ప రాజ్యంలో మరో దీపం వెలగడానికి వీల్లేదని చాటింపు వేయిస్తాడు. గుళ్ళో దీపం ఆరిపోతుంది, గుడిసెలో దీపం ఆరిపోతుంది. ఒక కుమ్మరి ముసలమ్మ మాత్రం పొద్దుగూకే వేళకి తన కుండలు కాల్చే ఆవం పక్కన ప్రమిద వెలిగించి అమ్మకి దండం పెట్టుకుంటుంది. భటులు వచ్చి ఆ ప్రమిదని కాలితో తంతే అది వెళ్ళి కాలుతున్న ఆవంలో పడుతుంది. అప్పుడు ఆవం బద్దలు చేసుకుని అమ్మ లేస్తుంది, చేత కొడవలితో. మా కథలో రాజు పారిపోడు, కాళ్ళ మీద పడడు. సింహాసనం మీంచి లేవడు. లేవకపోవడమే అతని వీరత్వం. అమ్మ కూడా అతని తల తీయదు. కొడవలి కొసతో కిరీటం ఎగరగొట్టి అక్కడితో శాంతిస్తుంది. తల తీయగలిగి కూడా కిరీటంతో సరిపెట్టుకుంది కాబట్టే ఆవిడ దేవత అని మా పెద్దలు చెప్పేవారు. రాజు మంచివాడా చెడ్డవాడా అని అడిగితే మాత్రం తలగోక్కునేవారు.

కథకి తగ్గ కట్టుబాట్లు కూడా ఉన్నాయి. కిరీటం నేలమీద పడేదాకా మా తెలుగువాళ్ళ క్వార్టర్లలో దీపం వెలగకూడదు, లైటు స్విచ్చి నొక్కకూడదు. పక్క క్వార్టర్‌లో ఉండే ఛత్తీస్‌గఢీ ఆవిడ మా పిల్లలందరినీ తన ఇంటికి తోలుకుపోయి టీవీ ముందు కూర్చోబెట్టేది. ముఖం కట్టేవాడు కొన్నాళ్ళ ముందునుంచి ఉప్పులేని ఒంటిపూట భోజనం చేయాలి. ముఖం కట్టగానే అతనికి పూనకం వస్తుంది, ఇక ఏం చేస్తున్నాడో అతనికే తెలియదు, చేసేదంతా అమ్మే. అందుకని నడుముకి మోకు కట్టి నలుగురు గట్టివాళ్ళు వెనకనుంచి పట్టుకుంటారు. రాజు వేషం కట్టేవాడి ఇంటి ఆడవాళ్ళు మైదానానికి రాకూడదు. తలుపు మూసుకుని, వెలిగించని దీపం ముందు పెట్టుకుని కూర్చోవాలి. "దీపాలో" అని కేక వినిపించాకే అగ్గిపుల్ల గీయాలి. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా అత్తనడిగాను, ఆ కొడవలి పొరపాటున తగిలితేనో అని. "తగిల్తే అమ్మ సేసినట్టు. అమ్మని అడిగీ మొగోడెవడు?" అంది. ఆ జవాబు విన్న దగ్గర్నుంచి వైశాఖం వస్తోందంటే చాలు, నేను క్యాలెండరు వైపు చూడడం మానేసేదాన్ని.

ఎందుకంటే రాజు వేషం మా ఇంటిదే. మా మామగారు కట్టేవారు, ఆయన పోయాక మా ఆయన కడుతున్నాడు. మా ఆయన లోకో షెడ్డులో ఖలాసీగా, అంటే బరువులు మోసే పనివాడిగా చేరి ఫిట్టరైనవాడు. ఇంట్లో చూస్తే రాజు కాదు గదా, రాజుగారి గుర్రానికి గడ్డి వేసేవాడిలా కూడా కనపడడు. కూరలో ఉప్పు లేకపోతే లేదని చెప్పడానికి మొహమాటం. బల్లి మీద పడితే కేకవేసి మంచమెక్కుతాడు. అలాంటి మనిషి కాటుకతో మీసం దిద్దుకుని, ఇత్తడి రేకు కిరీటం పెట్టుకుంటున్నప్పుడు తొంగి చూస్తే, కట్టుకున్న నాకే ఎవరో పరాయి మగాడిని చూసినట్టు ఉండేది. మైదానంలో, పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలతో చేసిన సింహాసనం మీద కాలు మీద కాలు వేసుక్కూర్చునేవాడట. షెడ్డులో ఏడాదంతా ఆయన్ని "ఓయ్" అని పిలిచే సూపర్‌వైజర్ బాబు, ఆ రోజు మంత్రి వేషంలో ఆయన నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడాలి. "మంత్రీ! గొడుగు వంకరగా నున్నది" అని మా ఆయన గర్జిస్తే జనం విరగబడి నవ్వేవారట. మర్నాడు డ్యూటీకి వెళ్ళాక ఆ వంకరంతా సూపర్‌వైజర్ బాబు సరిచేసేవాడనుకోండి, అది వేరే సంగతి.

ఇక మా మరిది సంగతి చెప్పాలి. మా మామగారు డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయారు. అలా పోతే ఇంట్లో ఒకరికి రైల్వే నౌకరీ ఇస్తారు. ఒక్కరికే. కొడుకులేమో ఇద్దరు. పెద్దవాడు మా ఆయన, ఎనిమిదో తరగతితో చదువుకి దండం పెట్టేసినవాడు. చిన్నవాడు మా మరిది, పది మంచి మార్కులతో పాసైనవాడు. వాడికి ఇప్పించి ఉంటే గుమాస్తా అయ్యేవాడు, ఫ్యాను కింద కుర్చీలో కూర్చునేవాడు. కాని అప్పటికే మా ఆయనకి నాతో సంబంధం కుదిరింది. నౌకరీ లేనివాడికి పిల్లనెలా ఇస్తామమ్మా అని మా నాన్న ఒక్క మాటన్నాడు. ఆ మాటకి మా అత్త పెద్దకొడుకు పేరు మీద వేలిముద్ర వేసేసింది. మా మరిది బొగ్గు వ్యాగన్లు నింపే సైడింగులో కాంట్రాక్టరు కింద కూలికి కుదిరాడు. మా క్వార్టర్‌లోనే వెనక వరండాలో వాడి మంచం. నేను వడ్డిస్తే తింటాడు, అన్నతో అవసరానికి మించి మాట్లాడడు. ఏనాడూ పోట్లాడలేదు. పోట్లాడి నాలుగు తిట్లు తిట్టేస్తే బాగుండునని నాకే అనిపించేది. ఒకసారి అన్న కొత్త యూనిఫాం నేను దండెం మీద ఆరేస్తుంటే, దాని చొక్కా అంచు పట్టుకుని, "ఇది నాకు సరిగ్గా సరిపోవును వొదినా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం ఆ చొక్కా తీసి దండెం ఆ చివర ఆరేశాను.

ఆ ఏడాది, మా అమ్మాయి అప్పుడే బడికి వెళ్తున్న రోజులు, ముఖం కట్టే మేనమామకి మోకాళ్ళు పట్టేశాయి. ఇంక నావల్ల కాదురా బాబూ అన్నాడు. కొత్తవాణ్ణి ఎంచాలి. ఎంచేది మనుషులు కాదు. ఆ ఒక్క పనికి ముఖాన్ని ముందే కిందికి దింపి పీట మీద నిలబెట్టి, నుదుటికి తడి మందారం అంటిస్తారు. కట్టదలచుకున్న కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా నిలబడతారు. ఎవరి ఎదుట పువ్వు జారితే ముఖం వాళ్ళది. మేమంతా దయాల్‌బంద్ ఇంట్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కుర్రాళ్ళు వస్తున్నారు, నిలబడుతున్నారు, వెళ్తున్నారు. పువ్వు కదలదు. మా మరిది అసలు ఆ వరసలోనే లేడు. పని దిగి వస్తూ తెలిపారా బజారులో కొన్న కొబ్బరికాయల సంచీ దింపడానికి లోపలికి వచ్చాడు, ఒళ్ళంతా బొగ్గుతో. సంచీ కిందపెట్టి తల ఎత్తాడో లేదో, మందారం జారి వాడి కాళ్ళ ముందు పడింది.

 మేనమామ రెండు చేతులూ జోడించి, "అమ్మకి తెలుసురా ఎవుల్ని పిలవాలో" అన్నాడు. నేను మా అత్త మొహం చూశాను, కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. అన్న రాజు, తమ్ముడు అమ్మ, మధ్యలో కొడవలి. అంతకుముందెప్పుడూ ఈ రెండు వేషాలూ ఒకే ఇంట పడలేదు. ఆ గదిలో ఉన్న అందరికీ ఒకే ఆలోచన వచ్చిందని ఒకరి కళ్ళలోకి ఒకరు చూడకపోవడాన్ని బట్టి తెలుస్తూనే ఉంది. పైకి అనడానికి మాత్రం ఎవరికీ గుండె చాల్లేదు. అంటే అమ్మ ఎంపికని శంకించినట్టే కదా. మా మరిది వంగి పువ్వు తీసి కళ్ళకద్దుకుని, తిన్నగా మా ఆయన వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో చదవడం నాకు చేతకాలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన్ని పట్టుకుని బతిమాలాను. "ఈ ఏడు నువ్వు కట్టొద్దు. జ్వరమని చెప్పీ" అన్నాను. "జొరం ఉంటే కదే" అన్నాడు. "లేకపోతే నేను తెప్పిస్తాను" అన్నాను కోపంగా. ఆయన నవ్వి, "రాజు లేకపోతే అమ్మ ఎవుల మీదకొస్తాది?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ తమ్ముడు కడుపులో ఎంత పెట్టుకున్నాడో నీకు తెలీదేటి? రేపు ఆడేం చేసినా అమ్మ చేసిందంటారు. అడిగే దిక్కు కూడా ఉండదు" అనేశాను. అనకూడని మాటే, అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "తెలుసు" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మానేస్తే ఏమవుతుందో నాకూ తెలుసు. రాజు తమ్ముణ్ణి చూసి జడిశాడంటారు, ఆ మాట తమ్ముడి చెవిన పడుతుంది, ఒకే ఇంట్లో ఒకే కంచం దగ్గర ఆ తర్వాత ఎలా బతుకుతాం? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

భాగోతం రేపనగా పొద్దున్నే పెరట్లో గరగరమని చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే మా మరిది గోడకి చేరబడి, మేనమామ అటక మీంచి ముందే దింపి తెచ్చుకున్న కొడవలిని ఇటుకపొడితో తోముతున్నాడు. మేనమామ చేతిలో ఉన్నన్నాళ్ళూ అది తుప్పుపట్టి, పసుపు పేరుకుని, ములక్కాడ కూడా తెగనట్టుండేది. ఇప్పుడు ఎండకి తళతళమంటోంది. "ఏటి బాబూ ఇది?" అన్నాను. "తుప్పెక్కీసింది వొదినా. అమ్మ చేతిలోది తుప్పుగా ఉంటే బాగుంతాదేటి?" అన్నాడు, తల ఎత్తకుండానే. అని, అంచు మీద బొటనవేలు ఆనించి చూశాడు. కత్తి ఏది చేతికొచ్చినా మగవాళ్ళు అలాగే చూస్తారు, అది ఒట్టి అలవాటు అని నాకు నేనే చెప్పుకుంటూ లోపలికొచ్చాను. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మా అత్త వంక పెట్టకుండా తినేసింది. ఆవిడకీ ఆ గరగర వినపడే ఉంటుంది.

మర్నాడు పొద్దంతా వడగాడ్పు. సాయంత్రమయ్యేసరికి నేనూ మా అత్తా తలుపు గడియ వేసుకుని, వెలిగించని దీపం ముందు పెట్టుకుని ముందుగదిలో కూర్చున్నాం. మైదానం మాకు రెండు వరసల క్వార్టర్ల అవతలే. డప్పుల దరువు బట్టి కథ ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. రాజు సభ అయింది, చాటింపు అయింది. కిటికీ సందులోంచి వచ్చే వెలుగు ఎర్రబడి, బూడిదరంగై, కొంచెం కొంచెంగా గదిలోంచి వెళ్ళిపోయింది. ఏటేటా ఈపాటికి మా అత్త పెదవులు కదుపుతూ మొక్కుకుంటూనే ఉండేది. ఆ రోజు ఉలుకూ పలుకూ లేదు. నాకు భయమేసి, "అత్తా, మొక్కవేటి?" అన్నాను. "ఎవులికి మొక్కమంతావే?" అంది ఆవిడ చీకట్లోంచి. "అమ్మకి మొక్కితే ఆడి సేతికి బలమొస్తాది. రాజుకి మొక్కితే అమ్మకి కోపమొస్తాది. ఇద్దరూ ఈ కడుపునే పుట్టేరు. నానేటి సేసీది సెప్పు?"  ఆవిడ చెయ్యి వెతికి పట్టుకున్నాను. ఆ వైశాఖంలో కూడా చల్లగా ఉంది.

కుమ్మరి ముసలమ్మ దరువు అయిపోయి, ఆవం దరువు అందుకున్నారు. జనం ఒక్కసారి హోరుమన్నారు. అంటే ముఖం బయటికొచ్చిందన్నమాట. సరిగ్గా ఆ హోరు మీద హూటర్ కూసింది.

రైల్వే ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఆ కూత గురించి చెప్పక్కర్లేదు. ఎక్కడైనా బండి పట్టాలు తప్పితే అది కూస్తుంది. బ్రేక్‌డౌన్ గ్యాంగులో ఉన్నవాడు ముద్ద నోట్లో ఉంటే నోట్లో ఉన్నట్టే, ఒంటి మీద సబ్బు ఉంటే సబ్బుతోనే, లేచి రిలీఫ్ బండి దగ్గరికి పరుగెత్తాలి. ఏళ్ళ తరబడి అలవాటైపోయి, చెవిన పడగానే కాళ్ళు లేచిపోతాయి, సంగతి బుర్రకి ఆ తర్వాత ఎక్కుతుంది. మరి మా పెద్దలు చేసిన తెలివైన పని చూడండి. కొత్తవాడు ముఖం కడుతున్నాడు, కుర్రాడు, బలమైనవాడు, మోకు పట్టడానికి మామూలు మనుషులు చాలరని చెప్పి, ఏరి కోరి నలుగురినీ బ్రేక్‌డౌన్ గ్యాంగులోంచే పెట్టారు. ఇంజన్లనే ఎత్తి పట్టాల మీద పెట్టే చేతులు, వాళ్ళుంటే భయం లేదని. హూటర్ సంగతి ఒక్కరికీ తోచలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి వింటున్న కూత, దాన్నెవరు తలుచుకుంటారు? అమ్మకి కట్టిన మోకు చేతిలో ఉందని కూడా చూసుకోకుండా, ఆ నలుగురూ కూత వినగానే వదిలేసి పరుగు తీశారు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మా అత్తకి మాత్రం అప్పుడే తెలిసిపోయింది. "మోకు వొగ్గీసుంతారే" అంటూ లేచి నిలబడింది. మా సందులోంచి బూట్ల చప్పుడు దడదడమంటూ షెడ్డు వైపు పోయింది. డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి. మేమిద్దరం "దీపాలో" అన్న కేక కోసం చెవులు రిక్కించాం. కేక లేదు. జనం చప్పుడు కూడా లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.  మా అత్త గడియ తీసింది. మామగారు కట్టిన ఏళ్ళన్నిటిలోనూ ఆ వేళప్పుడు ఎన్నడూ దాటని గడపని దాటి, చెప్పులు కూడా లేకుండా మైదానం వైపు నడిచింది. నడిచిందంటున్నాను గాని, వెనక పరుగెత్తుతున్న నాకు ఆవిడ అందలేదు.

మైదానంలో మనిషిని మనిషి ఆనవాలు పట్టేంత వెలుగు మాత్రమే మిగిలి ఉంది. ఆవం లోపల పచ్చిగడ్డి వేసి రాజేసిన పొగ నేలంతా కమ్ముకుంది. జనం వెనక్కి వెనక్కి జరిగి గోడలకి అతుక్కుపోయారు. గొడుగు కిందపడి ఉంది, మంత్రి కూడా హూటర్‌కి పారిపోయాడు. సింహాసనం మీద మా ఆయన ఒక్కడే ఉన్నాడు. ఆయనకి నాలుగడుగుల దూరంలో ఎర్రముఖం, ఎత్తిన కొడవలి. నడుముకి కట్టిన మోకు వదులుగా నేలమీద ఈడ్చుకుంటోంది, దాని రెండో కొస పట్టుకున్న చెయ్యి లేదు.

నాకు తెలిసిన ఇంకో సంగతి ఉంది. మా ఆయన పేరు కూడా ఆ గ్యాంగులో ఉంది. ఆ హూటర్ ఆయన కోసం కూడా కూసింది. లేచి పరుగెత్తవచ్చు. భయపడ్డాడని ఎవరూ అనరు, డ్యూటీ అంటారు. తమ్ముడు కూడా వేలెత్తి చూపలేడు. ప్రాణం దక్కించుకోవడానికి ఇంతకంటే మర్యాదైన దారి ఏ దేవుడిస్తాడు? లే, లే, నీ కాళ్ళు పట్టుకుంటాను లే అని లోలోపల అరుస్తున్నాను. ఆయన లేవలేదు. కొడవలి ఇంకొంచెం పైకి లేచింది. మా మరిదిని పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచాను. మా అత్త గభాల్న నా నోరు మూసేసింది. "పిలవకే పిల్లా" అంది నా చెవిలో. "పేరెట్టి పిలిస్తే ఆడు మనిసైపోతాడు. అమ్మగానే ఉండనీ. అమ్మయితే కిరీటమే తీస్తాది."

అప్పుడు మా ఆయన భాగోతంలోని మాట అన్నాడు. "ఎవ్వరవైన నేమి, రమ్ము. ఈ పీఠము విడిచి నేను లేవను." ఏటేటా గర్జించే ఆ మాటని ఆ రోజు గర్జించలేదు. ఇంట్లో తమ్ముణ్ణి అన్నానికి పిలిచినట్టు అన్నాడు. కొడవలి గాలిలో ఆగింది. ముఖం వెనక ఊపిరి పీల్చడం, వదలడం నాకక్కడికి వినిపిస్తోంది. ఎంతసేపు అలా ఉందో నేను చెప్పలేను. చివరికి దిగింది. ఇత్తడి రేకు ఖంగుమని ఎగిరి గొడుగు పక్కన పడింది. మా ఆయన చెవి పట్టుకున్నాడు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది. మా మరిది కొడవలి వదిలేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఎవరో "దీపాలో" అని కేకేశారు. రెండు వరసల క్వార్టర్లలోనూ లైట్లు భళ్ళున వెలిగాయి.

వెలుగు రాగానే జనానికి నోళ్ళు కూడా వచ్చాయి. అమ్మ ఒక్క చుక్క పుచ్చుకుంది, ఇంక ఈ ఏడంతా చల్లగా చూస్తుందని ఒకళ్ళనొకళ్ళు అభినందించుకున్నారు. తెగింది మీ మొగుళ్ళ చెవులు కాదు గదా, ఎందుకు చూడదు చల్లగా అని నేను గట్టిగానే అన్నాను. మా అత్త ముందు ఎవరి దగ్గరికి వెళ్ళిందనుకున్నారు? నెత్తురోడుతున్న పెద్దవాడి దగ్గరికి కాదు. కూలబడ్డ చిన్నవాడి దగ్గరికి వెళ్ళి, ముఖం ముడులు తనే విప్పి, వాడి తల పొట్టకి అదుముకుని నిలబడింది. ఆ రోజు ఆవిడ మీద నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. నా పిల్ల పెద్దదవుతుంటే గాని ఆ కోపం తగ్గలేదు.

హూటర్ కూసింది యార్డులో పట్టా దిగిన ఒక ఖాళీ వ్యాగను కోసమట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కూతకి రానందుకు మా ఆయనకి మెమో వచ్చింది. ఏమని జవాబిస్తాడు, రాజు సింహాసనం దిగకూడదనా? ఒంట్లో బాగులేదన్నాడు, గొడుగు పారేసి పోయిన మంత్రిగారే అవునని సాక్ష్యం చెప్పి గట్టెక్కించారు. భాగోతం మర్నాడు పొద్దున మా మరిది ఎప్పటిలాగే కంచం ముందు కూర్చున్నాడు. వడ్డించడానికి నాకు చేతులు రాలేదు. చెవికి గుడ్డ చుట్టుకుని మా ఆయనే వడ్డించాడు. మా మరిది రెండు ముద్దలు తిని ఆగి, "నొప్పెడతందేటి అన్నియ్యా?" అన్నాడు. "లేదురా, తిను" అన్నాడు ఈయన. వాడు తల ఎత్తకుండా కంచం ఖాళీ చేసి పనికి వెళ్ళిపోయాడు. తర్వాతి ఏడు నుంచి మోకు పట్టడానికి రైల్వేతో సంబంధం లేనివాళ్ళని పెడుతున్నారు. ముఖం మా మరిదిదే, వేషం మా ఆయనదే. ఇప్పటికీ అంతే.

కొన్నాళ్ళ తర్వాత పెరట్లో మా ఆయన చెవికి మందు రాస్తూ, "పోనీలే, పూనకంలో ఉన్నాడు, ఆడికేటి తెలుసు" అన్నాను, నన్ను నేను ఓదార్చుకోవడానికే. ఆయన నా చెయ్యి పక్కకి తోశాడు. తర్వాత మెల్లగా, "పూనకం లేదే" అన్నాడు. "కన్నాల్లోంచి కళ్ళు కనిపించేయి. ఆడి కళ్ళే. ఆడికన్నీ తెలుస్తున్నాయి."  "తెలిసి కూడా కూకున్నావా? హూటర్ కూసినా లేవలేదేం?" అన్నాను. "కాళ్ళు వొణికిపోయేయే, లేద్దామన్నా లేవలేను" అని నవ్వబోయి, మానేసి అన్నాడు: "లేస్తే, నేను ఆణ్ణి నమ్మలేదని ఆడికి తెలిసిపోవును. అమ్మయ్యుంటే పారిపోదును. ఆడు కాబట్టే కూకున్నాను."

ఆ కొడవలి ఎత్తినప్పుడు మనసులో ఏమనుకున్నావని మా మరిదిని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చెప్తాడు. చెప్తాడనే నా భయం. పిల్ల పెద్దదైంది, మా అత్త పోయింది, మా ఆయన జుట్టు నెరిసింది, ఇన్నేళ్ళూ ఎటు పోయాయో ఒక్కపూటలా గడిచిపోయాయి. ఆ కొడవలి గాలిలో ఆగిన ఆ కాస్తసేపు మాత్రం నాకింకా పూర్తిగా గడవలేదు.